పోలిక ఊరు

పాతతిప్ప ఆడవాళ్ళు పక్కూరి బస్సెక్కుతున్నారన్న సంగతి భానుశ్రీకి మొదట చెప్పింది మార్త.

మార్త సర్వే బృందానికి పెద్ద. చల్లపల్లిలో గది అద్దెకు తీసుకుని, సముద్రం వైపు ఊళ్ళన్నీ స్కూటరు మీద తిరుగుతూ, చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి ప్రశ్నలడిగి, జవాబులు ట్యాబులో ఎక్కించి విజయవాడ పంపించడం ఆమె పని. ఆ రోజు ఫోన్లో ఆమె గొంతు, తప్పు తనదే అయినట్టు, తగ్గి వినిపించింది.

"మేడమ్, గుల్లలపాలెం బస్సులో పాతతిప్ప వాళ్ళు కూడా వస్తున్నారండి. ఒకరిద్దరు కాదు. గంపలు నెత్తినెట్టుకుని చేలకడ్డంబడి నడిచొచ్చి మరీ ఎక్కుతున్నారు."

భానుశ్రీ టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"నెల పైనే అయ్యుంటదండి. నాకూ నిన్ననే తెలిసింది."

ఇంకెవరైనా అయితే "పోన్లే పాపం, ఎక్కనీ" అనేవారు. భానుశ్రీ అనలేకపోయింది. ఆమె ఆర్థికశాస్త్రవేత్త. ప్రభుత్వం ఒక పథకం పెడితే దానివల్ల జనానికి నిజంగా మేలు జరిగిందా, జరిగితే ఎంత, జరక్కపోతే ఎందుకు అని తేల్చి చెప్పడం ఆమె వృత్తి. కంకిపాడులో వరి, చెరుకు పండించే ఇంట్లో పుట్టింది. ఢిల్లీలో పరిశోధన పూర్తి చేసుకుని, పటమటలో ఒక చిన్న పరిశోధనా సంస్థలో చేరి పదేళ్ళు దాటింది. ఆ పదేళ్ళలో ఆమె మనసు పెట్టి చేసిన పనులన్నిటిలోకీ పెద్దది ఈ చేపల బస్సు.

తీరం వెంబడి ఊళ్ళలో మగవాళ్ళు వేటకి వెళ్తారు, వచ్చిన చేపని ఆడవాళ్ళు అమ్ముతారు. ఒడ్డుకొచ్చిన వ్యాపారికి అక్కడికక్కడే ఇచ్చేస్తే అతను చెప్పిందే ధర. విజయవాడ తీసుకెళ్తే బేరం వేరేగా ఉంటుందని ప్రతి ఆడమనిషికీ తెలుసు. తీసుకెళ్ళడమే కుదరదు. మామూలు బస్సులో చేపల గంప కనిపిస్తే వాసనని ఎవరో ఒకరు గొడవ పెట్టుకుంటారు. ఆటో మాట్లాడుకుంటే మిగిలేదేమీ ఉండదు. అందుకని ఒక శాఖ వాళ్ళు ప్రయోగంగా కొన్ని బస్సులు తెచ్చారు. వెనక సీట్లు తీసేసి ఐసు పెట్టెలు బిగించారు. తెల్లారగానే బయల్దేరి చల్లపల్లి, కంకిపాడు మీదుగా మార్కెట్టు వేళకి విజయవాడ చేరాలి.

బస్సులు కొన్నే, ఊళ్ళు చాలా. ఏ ఊరికివ్వాలన్న దగ్గర భానుశ్రీ పట్టుబట్టింది. పలుకుబడి ఉన్న ఊళ్ళకిస్తే అవి ముందునుంచీ కాస్త బాగున్న ఊళ్ళే అయి ఉంటాయి. తర్వాత ఇంకాస్త బాగుపడితే అది బస్సువల్లో, వాళ్ళకున్న దన్నువల్లో ఎవరు చెప్పగలరు? లాటరీ వేస్తే ఆ పేచీ ఉండదు. చీటీ వచ్చిన ఊళ్ళనీ రాని ఊళ్ళనీ పక్కపక్కన పెట్టి చూస్తే, తేడా ఏదైనా కనిపిస్తే అది బస్సుదే. బస్సు రాని ఊళ్ళని ఆమె తన కాగితాల్లో పోలిక ఊళ్ళు అని రాసుకుంది. చల్లపల్లిలో అన్ని ఊళ్ళవాళ్ళనీ పిలిచి, అందరి ఎదుటా చీటీలు తీసింది కూడా ఆమే. గుల్లలపాలేనికి వచ్చింది. చేలకవతల ఉన్న పాతతిప్పకి రాలేదు.

ఇప్పుడు పాతతిప్ప వాళ్ళు కూడా అదే బస్సెక్కుతుంటే రెండూళ్ళకీ తేడా ఏముంది? పోల్చడానికి ఏం మిగిలింది?

సంస్థ డైరెక్టరు తిరుపతిరావుగారి గదిలోకి వెళ్ళి చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ విన్నారు. "మిగతా చోట్ల కూడా ఇలాగే మొదలైతే మన పనంతా బూడిదే కదమ్మా" అన్నారు.

"కార్డులు ఇప్పిద్దాం సార్. బస్సు వచ్చిన ఊరి ఆడవాళ్ళకి మాత్రమే కార్డు. కార్డుంటేనే ఎక్కాలి."

ఆయన తలూపారు. ఆ సాయంత్రమే ఆమె శాఖలో ఈ పథకం చూసే దుర్గాప్రసాద్‌కి మెయిల్ పెట్టింది. ఆయన చురుకైన అధికారి. పది రోజులు తిరక్కుండా కార్డులు పంచేశారు. భానుశ్రీ ఆ విషయం అంతటితో మర్చిపోయింది.

*

ఎండాకాలం ముదిరాక మార్త మళ్ళీ ఫోన్ చేసింది. పాతతిప్పలో ఎవ్వరూ సర్వేకి జవాబులు చెప్పడం లేదట. తలుపు తీస్తున్నారు, కూర్చోమంటున్నారు, మంచినీళ్ళిస్తున్నారు, ప్రశ్న అడిగితే మాత్రం నవ్వి ఊరుకుంటున్నారు.

"నేనే వస్తాను" అంది భానుశ్రీ.

ముందు రోజు సాయంత్రమే చల్లపల్లి చేరి మార్త గదిలో పడుకుంది. తెల్లవారుతుండగా ఇద్దరూ స్కూటరు మీద గుల్లలపాలెం వెళ్ళారు. పాతతిప్ప వెళ్ళేముందు బస్సు ఎలా నడుస్తోందో ఒకసారి కళ్ళతో చూడాలని భానుశ్రీ అనుకుంది. ఇన్నాళ్ళూ అంకెల్లో చూడటమే తప్ప ఆ బస్సెక్కింది లేదు.

బస్సు రామాలయం పక్క సందులో ఆగి ఉంది. గుల్లలపాలెం ఆడవాళ్ళు గంపలు లోపలికి అందించుకుంటున్నారు. కానాగంతలు, చందువలు, తడి గోనెపట్టాల కింద కదులుతున్న పీతలు. మాటలు, కేకలు, ఐసు ముక్కలు పెట్టెల్లో పడుతున్న చప్పుడు. కొంచెం ఎడంగా, రోడ్డుకి అవతలి పక్క, ఇంకొంతమంది గంపలతో నిలబడి ఉన్నారు. మోకాళ్ళదాకా దుమ్ము. వాళ్ళెవరో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఊరివాళ్ళంతా ఎక్కాక వాళ్ళు కదిలి తలుపు దగ్గరికొచ్చారు. ముందున్న ఆమెకి నలభై దాటి ఉంటాయి. చీర కుచ్చెళ్ళు పైకెగదోపుకుని, గంప నెత్తిమీదినుంచి దించకుండానే మాట్లాడుతోంది.

"జాన్ పాలూ, ఇవాళొక్కరోజు ఎక్కించుకో. నిన్న వేట బాగా పడింది. ఎండెక్కితే పాడైపోద్ది."

డ్రైవరు జాన్ పాల్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. "కార్డుంటేనే ఎక్కించమన్నారు నాగమల్లేశ్వరక్కా. రోజూ ఇదే మాటైతే నేనేం చేసేది? నా ఉద్యోగం పోద్ది."

బస్సులోంచి ఎవరో అన్నారు: "మీ ఊరికి బస్సొచ్చినప్పుడు మీరెక్కుదురులే. ఇక్కడ మాకే నించోడానికి చోటు లేదు."

"ఏమే, మా మేనత్త కూతురివి, నువ్వేనా ఆ మాట అనేది?" అంది నాగమల్లేశ్వరి కిటికీ వైపు తలెత్తి. కిటికీలోని తల లోపలికి వెళ్ళిపోయింది. వెనకాల ఒక ముసలావిడ గంప దించుకుని రోడ్డు మీదే కూలబడింది. ఆమెని "పెద్దింట్లమ్మత్తా, లే, లే" అని ఎవరో లేవదీయబోయారు. ఆమె లేవలేదు.

"కార్డు కార్డంటావు. ఎవరిమ్మన్నారు కార్డులు?" నాగమల్లేశ్వరి జాన్ పాల్‌ని వదల్లేదు.

"పైనోళ్ళు."

"ఎవరా పైనోళ్ళు? ఒక పేరు చెప్పు. పోయి అడుక్కుంటాం."

"పేర్లు నాకేం తెలుస్తయ్యక్కా!"

మార్త భానుశ్రీ మోచేయి పట్టుకుంది. సర్వే చేసేవాళ్ళు ఇలాంటి వాటిలో తలదూర్చకూడదన్నది భానుశ్రీ స్వయంగా నేర్పిన పాఠమే. ఆమెకి ఆ పాఠం గుర్తుంది. అయినా ముందుకు నడిచింది.

"నేనేనండి. కార్డులు పెట్టమన్నది నేనే" అంది.

నాగమల్లేశ్వరి ఆమెని తలనుంచి కాళ్ళదాకా చూసింది. కోపంగా కూడా కాదు, ఇలాంటి మనిషి ఎందుకిలా చేసిందా అన్నట్టు. జాన్ పాల్ అదే అదనుగా బండి స్టార్టు చేశాడు. బస్సు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

*

పాతతిప్ప దారిలో కాలవ వంతెన దగ్గర తుమ్మచెట్ల నీడ ఉంది. ఆడవాళ్ళు అక్కడ గంపలు దించారు. కాసేపటికి ఒక వ్యాపారి మోటార్‌సైకిలు మీద వచ్చాడు. వాళ్ళు అక్కడుంటారని అతనికి ముందే తెలిసినట్టుంది. బండి స్టాండు కూడా వేయకుండా బేరం మొదలెట్టాడు. అతను చెప్పిన ధర విని పెద్దింట్లమ్మ ఏదో గొణిగింది. కాస్త కాస్తగా గంపలన్నీ అతని పెట్టెలోకి వొంపేశారు. ఇదంతా భానుశ్రీ వంతెన గోడ పక్కన నిలబడి చూసింది. వెళ్ళిపోదామని మార్త కళ్ళతో అడిగినా కదల్లేదు.

వ్యాపారి వెళ్ళాక నాగమల్లేశ్వరి ఖాళీ గంప బోర్లించి దానిమీద కూర్చుంది. "ఇప్పుడు చెప్పండి మేడంగారూ. మా మీద మీకు పగేంటి?"

"పగ కాదండీ" అంది భానుశ్రీ. ఆమె ఎదురుగా నేలమీద కూర్చుంది. ఎలా చెప్పాలో ఆలోచించుకుని, తేలిక చేసి అబద్ధం చెప్పడం కంటే ఉన్నదున్నట్టు చెప్పడమే మేలనుకుంది. "ఈ బస్సు మంచిదో కాదో ప్రభుత్వానికి చెప్పాలి. మంచిదని రుజువైతే తీరం మొత్తం ఇస్తారు. రుజువెలా చెయ్యాలి? గుల్లలపాలెంలో బస్సుంది. మీ ఊళ్ళో లేదు. మిగతా అన్నిట్లో రెండూళ్ళూ ఒకటే. రెండేళ్ళ తర్వాత ఆ ఊరికీ మీ ఊరికీ తేడా చూస్తే బస్సు ఎంత పని చేసిందో తెలుస్తుంది. మీరు కూడా అదే బస్సెక్కితే ఆ తేడా తెలియదు."

నాగమల్లేశ్వరి నిదానంగా అంది: "అంటే మేం బాగుపడకుండా ఉండటం మీకు అవసరం."

"అలా కాదు..."

"ఎలా కాదో చెప్పండి. మేం ఇట్టాగే ఉంటేనే గదా మీ తేడా తెలిసేది?"

ఇలాంటి ప్రశ్న సెమినార్లలో కూడా వస్తుంది. అప్పుడు చెప్పే సమాధానం భానుశ్రీకి కంఠతా వచ్చు: అందరికీ ఇవ్వడానికి బస్సులు లేవు కాబట్టి ఎవరో ఒకరు ఆగక తప్పదు, లాటరీ కంటే న్యాయమైన పద్ధతి లేదు. అది నిజమే. కానీ ఈ బస్సు ఇక్కడే ఉంది. వీళ్ళు నడిచొచ్చి ఎక్కారు. ఎక్కినవాళ్ళని దింపమన్నది లాటరీ కాదు.

"ఇంకోటి కూడా చెప్తా" అంది నాగమల్లేశ్వరి. ఆమె మొహంలో మొదటిసారి చిన్న నవ్వు కనిపించింది. "మీ పిల్ల వొచ్చి అడిగినప్పుడల్లా మేం తగ్గించే చెప్పాం. వేట పడట్లేదనీ, పస్తులుంటన్నామనీ. ఊరంతా అనుకునే చెప్పాం."

మార్త నోరు తెరిచేసింది. "ఎందుకలా చేశారండీ? రెండుసార్లూనా?"

"బీదోళ్ళమంటే బస్సిస్తారనుకున్నాం. మీరడిగే పద్ధతి చూస్తే ఎవరికైనా అట్టాగే అనిపిస్తది."

భానుశ్రీ తల పట్టుకుంది. రెండు విడతల సర్వే. నెలల తరబడి ఎండల్లో తిరిగిన పని. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ కోపంలోనే ఎక్కడో నవ్వొచ్చింది. తాను వీళ్ళని కొలుస్తున్నానని అనుకున్నంతకాలం వీళ్ళు తనని కొలుస్తూనే ఉన్నారు.

"అది తప్పండీ" అంది చివరికి.

"తప్పే" అని ఒప్పుకుంది నాగమల్లేశ్వరి. "ఇప్పుడు మీ తప్పు చెప్పండి."

*

తిరుపతిరావుగారు ఈసారి కళ్ళద్దాలు తుడుచుకోలేదు. కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు ఫ్యాను వైపు చూశారు.

"నువ్వు చూసినవాళ్ళ బాధ నాకర్థమైంది భానూ. నేను చెప్పేది కూడా విను. ఈ తీరం మీద ఇంకెన్ని ఊళ్ళున్నాయి? బందరు వైపు, ఆ అవతల. వాళ్ళని నువ్వు చూడలేదు. చూడలేదు కాబట్టి వాళ్ళ బాధ నిన్ను పట్టుకోలేదు. ఈ అధ్యయనం గట్టిగా నిలబడితే బస్సు వాళ్ళందరికీ వెళ్తుంది. సడలిపోతే ఏమవుతుందో తెలుసా? పైన కూర్చున్నవాళ్ళు 'ఫలితం తేలలేదు' అని రాసి మూసేస్తారు. ఒకప్పుడు లంకల్లోకి వైద్యుల పడవ పెట్టారు. మంచి పథకం. దాన్ని ఎలా పోల్చాలో ముందు ఎవరూ ఆలోచించలేదు. తేలలేదన్న ఒక్క మాటతో ఆపేశారు. ఆ నివేదిక రాసింది నేనే."

ఆయన ఆ సంగతి ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు.

"మీరన్నది కాదనలేను సార్" అంది భానుశ్రీ. "కానీ రేపు పొద్దున ఆ బస్సు తలుపు దగ్గర వాళ్ళని ఆపేది నేను. జాన్ పాల్ కాదు, దుర్గాప్రసాద్‌గారు కాదు. చూడని ఊళ్ళకి మేలు జరుగుతుందన్నది నా అంచనా. వీళ్ళకి నష్టం జరుగుతున్నది అంచనా కాదు."

"అంచనా వేయడమే మన పనమ్మా."

"అవును సార్."

ఆయన ఆపలేదు, ఒప్పుకోనూ లేదు. "నీ అధ్యయనం, నీ ఇష్టం. తర్వాత బాధ్యత కూడా నీదే" అన్నారు.

ఆ వారమంతా భానుశ్రీకి పనిలో మనసు నిలవలేదు. సాయంత్రాలు ఆఫీసునుంచి నడిచి బందరు కాలవ గట్టుదాకా వెళ్ళి తిరిగొచ్చేది. ఇటు చూస్తే తిరుపతిరావుగారిదే న్యాయం, అటు చూస్తే నాగమల్లేశ్వరిది. రెండింటిలో ఒకటి అబద్ధమైతే ఎంత బాగుండేదో. చివరికి ఏ వాదనా ఆమెని ఒప్పించలేదు. రోడ్డు మీద కూలబడ్డ పెద్దింట్లమ్మ మాత్రం కళ్ళముందునుంచి పోలేదు. సోమవారం దుర్గాప్రసాద్‌కి ఫోన్ చేసింది.

"కార్డులు తీసేయండి సార్. ఎవరొస్తే వాళ్ళని ఎక్కనివ్వండి."

"మీరే కావాలన్నారు కదండీ మేడమ్!"

"నేనే వద్దంటున్నాను."

"తీసేస్తాను. కానీ రెండో బండి అడక్కండి. నా దగ్గర లేదు" అన్నారాయన.

*

తర్వాత జరిగినవన్నీ మంచివే అని చెప్పడానికి లేదు. ఒకే బస్సుకి రెండూళ్ళ గంపలు. ఐసు పెట్టెలు చాలేవి కావు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఏ ఊరివాళ్ళైనా ఉండిపోయేవారు. ఒకరోజు గుల్లలపాలెం ఆడవాళ్ళు బస్సుకి అడ్డంగా కూర్చున్నారు. లాటరీలో వచ్చిన బస్సు మాదేనని, మాట ఇచ్చి తప్పారని మార్తని నిలదీశారు. వాళ్ళది కూడా న్యాయమే. భానుశ్రీ వెళ్ళి వాళ్ళ మాటలన్నీ పడింది. రెండూళ్ళ పెద్దమనుషుల్లో పెద్దబ్బాయి అనే ఆయన ముందుపడి, గుల్లలపాలెం వాళ్ళు ముందు, ఖాళీ ఉన్నంతవరకూ పాతతిప్ప వాళ్ళు అని ఒక ఒప్పందం కుదిర్చాడు. అది కొన్నాళ్ళు నిలబడేది, కొన్నాళ్ళు తెగేది.

పాతతిప్ప వాళ్ళలోనూ అందరూ వెళ్ళలేదు. కొందరు విజయవాడ మార్కెట్టులో కూర్చునే చోటు దొరక్క, అక్కడివాళ్ళతో గొడవ పడలేక మానేశారు. పెద్దింట్లమ్మ రెండుసార్లు వెళ్ళొచ్చి, "ఆ ఊళ్ళో నా మాట ఎవరికీ ఆనదు. నాకు ఒడ్డే నయం" అంది. నాగమల్లేశ్వరి మాత్రం ఒక్క పూట మానలేదు. ఆమెకి పటమట వైపు ఇళ్ళలో రోజూ కొనే వాడికె కుదిరింది.

భానుశ్రీ అధ్యయనాన్ని మళ్ళీ మొదటినుంచి ఆలోచించింది. కార్డులు అన్ని బస్సులకీ తీసేయడంతో పోలిక చెడిపోయింది. పోయినదాన్ని పట్టుకుని ఏడవడం కంటే ఎదుట ఉన్నదాన్ని చూడటం మంచిదనిపించింది. చేలకడ్డంబడి, వానల్లో, బురదలో, నెత్తిన బరువుతో ఆడవాళ్ళు ఎందుకు నడుస్తున్నారు? చోటు దొరుకుతుందో లేదో తెలియకుండా నడుస్తున్నారు. ఒక వస్తువు విలువ తెలుసుకోవాలంటే దానికోసం మనిషి ఏం వదులుకుంటున్నాడో చూడాలని ఆమె సంస్థలో కొత్తగా చేరిన పిల్లలకి పాఠం చెప్పేది. ఈ నడక కూడా అలాంటిదే. నోటితో చెప్పినది తగ్గించి చెప్పొచ్చు, పెంచి చెప్పొచ్చు. వానాకాలం పొడుగునా రోజూ అబద్ధంగా నడవడం కుదరదు.

అందుకని ఎవరు నడుస్తున్నారు, ఎంత దూరం నుంచి, ఎవరు ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు అన్నది మార్త చేత రాయించింది. పాతతిప్పలో తనే కూర్చుని అందరికీ చెప్పింది. "మీరేం చెప్పినా దానివల్ల బస్సు రాదు. చెప్పకపోతే ఉన్నది పోదు. ఇష్టమైతే నిజం చెప్పండి. లేకపోతే చెప్పనక్కర్లేదు."

"ఏ లాభం లేనప్పుడు ఎందుకు చెప్పాలి?" అంది నాగమల్లేశ్వరి.

"మీ గురించి నేను రాసేది అబద్ధం కాకుండా ఉండటానికి."

అందరూ నవ్వారు. సగంమంది చెప్పారు, సగంమంది లేచి వెళ్ళిపోయారు. వెళ్ళిపోయినవాళ్ళని భానుశ్రీ ఆపలేదు.

*

బస్సుల పథకం మీద సమీక్ష విజయవాడలో, చలికాలం చివర్లో జరిగింది. పొడుగాటి బల్లకి ఒకవైపు అధికారులు, రెండోవైపు భానుశ్రీ, తిరుపతిరావుగారు. ఆమె నివేదిక చదివి వినిపించింది. బస్సు ఉన్న ఊళ్ళలో రాబడి పెరిగినట్టు కనిపిస్తోంది కానీ, అది బస్సువల్లేనని గట్టిగా చెప్పలేమని మొదటే చెప్పింది. ఎందుకు చెప్పలేమో కూడా దాచలేదు. కార్డులు పెట్టించింది తానేనని, తీయించింది తానేనని చెప్పింది. తర్వాత నడక గురించి చెప్పింది.

దుర్గాప్రసాద్ శ్రద్ధగా విన్నారు. ఆర్థిక వ్యవహారాలు చూసే అధికారి చివరిదాకా ఆగి అడిగారు: "బాగానే ఉందండీ. ఒక్క మాట చెప్పండి. దీన్నిబట్టి తీరం మొత్తం బస్సులు పెట్టమని మీరు సిఫారసు చేయగలరా?"

చేయగలను అనడానికి ఒక్క క్షణం చాలు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో ఆమెని కాదనగలిగినవాళ్ళు ఒక్కరే, తిరుపతిరావుగారు. ఆయన అనరు. ఆ సంగతి ఆమెకి తెలుసు. పక్కకి చూస్తే ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు.

"ఒకే బస్సు దారిలో చూసినదాన్ని పట్టుకుని అన్ని చోట్లకీ చెప్పలేను సార్" అంది భానుశ్రీ. "ఈ దారిలో మాత్రం అవసరం ఉందని చెప్పగలను."

విస్తరణ ఆగిపోయింది. ఉన్న బస్సులు నడపాలని, గుల్లలపాలెం బస్సు ఇకనుంచి పాతతిప్పలో బయల్దేరాలని, ఇంకో రెండు ఐసు పెట్టెలు బిగించాలని నిర్ణయం రాశారు. మెట్లు దిగుతూ తిరుపతిరావుగారు ఆమె భుజం మీద చెయ్యి వేశారు. మెచ్చుకోలో, ఓదార్పో, రెండూనో ఆమెకి తెలియలేదు.

పాతతిప్పకి ఆ మాట తనే వెళ్ళి చెప్పింది. ఊళ్ళో గోలగోలగా సంతోషపడ్డారు. కృతజ్ఞతలు చెప్పడానికి నాగమల్లేశ్వరి మాత్రం ఇష్టపడలేదు. "మేం నడిచాం కాబట్టి వొచ్చింది" అంది. వెళ్ళేటప్పుడు గంపలోంచి రెండు మంచి చందువలు తీసి ఆకులో చుట్టి మార్త స్కూటరుకి తగిలించింది. భానుశ్రీ వద్దనలేదు.

ఏడాది గడిచాక రొయ్యల చెరువుల వల్ల తాగునీరు ఉప్పెక్కుతున్న విషయం మీద కొత్త అధ్యయనానికి భానుశ్రీ బందరు అవతల ఒక తీరపు ఊరు వెళ్ళింది. తెరేసమ్మ అనే ఆమె అరుగు మీద కూర్చుని ఎండు రొయ్యలు చెరుగుతోంది. నీళ్ళ గురించి అడిగినవాటికి జవాబులు చెప్పి, చేట పక్కన పెట్టి, తనే అడిగింది.

"చల్లపల్లి వైపు మా చుట్టాలున్నారండి. అటు చేపల బస్సు తిరుగుతందంట. మాకెప్పుడిస్తారండీ?"

వేరే శాఖ, వేరే పని, నాకు తెలియదు అని చెప్పి లేవొచ్చు. భానుశ్రీ లేవలేదు. చెప్పులు విడిచి అరుగెక్కి, ఆమె పక్కన కూర్చుంది. లాటరీ నుంచి మొదలుపెట్టి, కార్డులు, పాతతిప్ప, సమీక్షలో తనని అడిగిన ప్రశ్న, తానిచ్చిన జవాబు, అన్నీ చెప్పింది. ఎక్కడా తనని వెనకేసుకు రాలేదు, తిట్టుకోనూ లేదు. తెరేసమ్మ చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, వింటూనే చెరిగింది.

అంతా విన్నాక, "అయితే మీరు ఇప్పించలేరన్నమాట" అంది.

"లేనండి."

"ఇచ్చేవాళ్ళు ఎక్కడుంటారో చెప్పండి. మేం ఊరంతా పోతాం."

భానుశ్రీ ఫోన్ తీసి దుర్గాప్రసాద్ నంబరు వెతికింది. తెరేసమ్మ లోపలికి కేకేసి కోడలి ఫోన్ తెప్పించింది. ఒక్కొక్క అంకె చెబుతుంటే కోడలు నొక్కింది. తప్పు పడిందేమోనని మళ్ళీ మొదటినుంచి చదివించుకున్నారు.